దయ్యము వేసిన దావా

ప్రణయకథ చూచి వెలుపలికి వచ్చువారు పాటలను గూర్చియు, వీరకథ చూచి వచ్చువారు నాయకుని నడకను గూర్చియు ముచ్చటించుకొందురు; దయ్యపు సినిమా చూచినవారు మాత్రము, కన్నులింకను వీథిదీపముల వెలుతురున కలవాటు పడకముందే, ముగింపును గూర్చి జగడమున కారంభింతురు. “ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్‌లో తేల్చేశాడు” అను వాక్యము మన దయ్యపు చిత్రములకు శిలాశాసనమైపోయినది. దర్శకుడు మారును, బంగళా మారును, దయ్యము కట్టిన చీర రంగు సైతము ఒకానొకప్పుడు మారును. ఈ వాక్యము మారదు. ఇన్నేండ్లుగా ఇందరు ఇదే ఫిర్యాదు చేయుచుండగా, దోషము ఏ యొక్క దర్శకుని తలకో చుట్టుటకంటె, ఆ రెండవ సగమున మనమే ఏదియో కోరుచున్నామనియు, కోరినది చేతికందిన మరుక్షణమే అలుగుచున్నామనియు అనుకొనుట నాకు సమంజసముగ తోచును.

ఈ జగడము నా చెవిని పడునది ఢిల్లీలోని ధౌలా కువాన్ ప్రాంతమున. పాత బావి యొకదాని పేరిట వెలసిన తావే గాని, నేడచట కంటికి కనబడునవి ఒకదానిపై నొకటి మెలికలు తిరిగిన వంతెనలు, గుడ్‌గావ్ వైపునకును విమానాశ్రయము వైపునకును పరుగులు తీయు కార్లు, ఒక ప్రక్క కంటోన్మెంటు చెట్లనీడలు. ఆ వంతెనల కావల తిరుమల తిరుపతి దేవస్థానములవారు 1961లో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర కళాశాల గలదు. దానిని ఢిల్లీ పిల్లలు ముద్దుగా “వెంకీ” అందురు. తెలుగు సినిమా అభిమానికి వెంకీ యనగా వేరొక మహానుభావుడు గనుక, కొత్తగా వచ్చి చేరిన మన విద్యార్థికి మొదటి వారమున కొంత తికమక తప్పదు. దాపుననే యున్న మెట్రో స్టేషనునకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టిరి. రాజమహేంద్రవరమున పుట్టిన ఆ యమ్మ చిన్నపిల్లగా నున్నప్పుడు, 1923 కాకినాడ కాంగ్రెసు సమయమున ఖద్దరు ప్రదర్శనము వాకిట కావలి నిలిచి, టికెట్టు లేదన్న కారణమున జవాహర్‌లాల్ నెహ్రూ అంతవానిని లోనికి పోనీయలేదు. టికెట్టు విలువ అంతగా ఎరిగిన తల్లి పేరు గల స్టేషనులో నిలువబడి, టికెట్టు డబ్బులు దండుగైనవని వాపోవు కుర్రవాండ్రను చూచినపుడెల్ల నాకు నవ్వు వచ్చును.

కళాశాల ప్రక్క సత్యనికేతన్ అను పేట యున్నది. పై అంతస్తులన్నియు విద్యార్థుల అద్దెగదులు, క్రింది అంతస్తులన్నియు తినుబండారములు. మోమోల ఆవిరియు, ఛోలే కుల్చేల నూనె వాసనయు, చాయ్‌కొట్టు స్టవ్వు రొదయు ఏకమైన ఆ సందులో రాత్రి ఎంత ప్రొద్దుపోయినను ఎవరో ఒకరు మేలుకొనియే యుందురు. ఈ నగరమున తెలుగు చిత్రమునకు ఒకటి రెండు ఆటలు దొరకుటయే గొప్ప. అవియు తెరయడుగున ఆంగ్లాక్షరములతో వచ్చును. అందొక చిత్రమైన సంగతి గలదు. పాత్ర నోరు విప్పకముందే అక్షరములు తెరమీద ప్రత్యక్షమగును. వానిని చదువుకొన్న ఉత్తరాది మిత్రుడు మనకంటె అరక్షణము ముందుగ ఉలికిపడును. వాని భుజము కదలుట చూచి, ఏదియో రాబోవుచున్నదని మనకు తెలిసిపోవును. మన దయ్యము ఆ విధముగ మనకంటె ముందు పరాయివానికి కనబడును.

ఆట ముగిసిన పిమ్మట ఆ చాయ్‌కొట్టు చెంత చేరు బృందమున నాకును ఒక ప్లాస్టిక్ స్టూలు కేటాయింపబడియున్నది. శ్రీకాకుళపు కుర్రవాడొకడు, కరీంనగరు పిల్ల యొకతె, కొట్టాయమువాడైన వారి సహాధ్యాయి యొకడు, వచ్చుచు పోవుచు నుండు మరి కొందరు. ఒక రాత్రి వారి వాదము వింటిని.

“దెయ్యం ఎందుకొచ్చిందో సెప్పీసినాక ఇంకేటి బయ్యం మాస్టారూ?” అని కుర్రవాడు.

“చెప్పకపోతె ఎట్ల? పైసలు వెట్టుకోని వచ్చినం, గది ఎందుకొచ్చిందో తెల్వకుంటనే ఇంటికి వోవాల్నా?” అని పిల్ల.

ఇద్దరును సరిగనే పలికిరి. ఇద్దరి మాటలును ఒక్క సినిమాలో ఇముడవు. ముగింపును గూర్చిన తగవంతయు ఈ రెండు ముక్కలలోనే యున్నదని నా నమ్మిక.

కంటోన్మెంటు ప్రస్తావన వచ్చినది గనుక, ఢిల్లీవారందరు ఎరిగిన ఒక పుకారు చెప్పవలెను. ఆ చెట్లనీడల రోడ్డుమీద రాత్రివేళ తెల్లచీర కట్టిన స్త్రీ యొకతె చెయ్యెత్తి లిఫ్టు అడుగునట. ఆపక ముందునకు దూకించిన యెడల కారుతో సమానముగ పరుగెత్తుకొని వచ్చునట. ఆటోవాలా మొదలు ఆఫీసరు వరకు ఈ కథ చెప్పనివాడు లేడు. చూచినవాడు మాత్రము ఎప్పుడును చెప్పువాని బావమరిదియే. విచిత్రమేమన, వానరాత్రి, తెల్లచీర, కారాపిన యువకుడు అను ఈ సరంజామా అంతయు 1964లో రాజ్ ఖోస్లా తీసిన ‘వో కౌన్ థీ?’ చిత్రమున నున్నది. అదే కథ తెలుగున 1966లో జగ్గయ్య, జయలలితలతో ‘ఆమె ఎవరు?’ అను పేరున వచ్చినది. పుకారు సినిమాను చూచి పుట్టెనో, సినిమా పుకారును విని పుట్టెనో తేల్చుట నా పని కాదు. నాకు కావలసినది ఆ చిత్రపు ముగింపు. అంత వానలో, అంత పొగమంచులో, అంత పాటలో తిరుగాడిన ఆ మూర్తి తుదకు దయ్యము కాదు. కవల సోదరి యొకతెను అడ్డుపెట్టుకొని వారసత్వము కాజేయ జూచిన బంధువు పన్నాగము. ఆ కాలపు చిత్రములలో దయ్యము నిజముగ నుండెనో లేదో గాని, ఆస్తి మాత్రము తప్పక యుండెడిది.

ఇచటనే నా ఊహకు మొదటి ఆధారము దొరకినది. మన దయ్యము మొదటినుండియు వ్యాజ్యదారు. అది భయపెట్టుటకు రాదు. దావా వేయుటకు వచ్చును. మొదటి సగమున తలుపులు కొట్టుట, దీపములార్పుట, మెట్లపై అడుగుల చప్పుడు చేయుట, ఇవన్నియు కోర్టు బంట్రోతు సమను పట్టుకొని ఇల్లు వెదకుకొనుచు వచ్చినట్టి చప్పుళ్లు. ఇంటర్వెల్లునకు దావా నమోదగును. రెండవ సగమున ఫ్లాష్‌బ్యాకు అను పేరిట ఫిర్యాదు పత్రము ఆమూలాగ్రముగ చదువబడును: ఫలానా సంవత్సరమున, ఫలానా గ్రామమున, ఫలానా పెద్దమనిషి వాదిని చంపి, వాది భూమి నాక్రమించెను. అటుపిమ్మట తీర్పు, వెంటనే శిక్ష అమలు, వాది సంతుష్టయై వెలుగుగ మారి ఆకసమునకు పోవుట. లారెన్సు ‘కాంచన’ను (2011) తీసికొనుడు, హిజ్రాగా పుట్టినందుకు ఇంటివారు వెళ్లగొట్టిన మనిషి కొనుక్కొన్న స్థలమును రాజకీయ నాయకుడు కాజేసి చంపించుటయే దాని మూలము. అదియు భూతగాదాయే. ‘విరూపాక్ష’ (2023) లోని రుద్రవనమున వరుస చావులకు కారణము, ఏండ్ల క్రిందట ఆ ఊరివారే చేతబడి నెపమున ఒక దంపతులను తగులబెట్టుట. రామ్ గోపాల్ వర్మ పాటలు లేకుండ తీసిన ‘భూత్’ (2003) సైతము, బొంబాయి మేడలో కూర్చుండి చక్కగ భయపెట్టి భయపెట్టి, తుదకు హంతకుని పోలీసు కొట్టులో దయ్యమున కప్పగించి చేతులు దులుపుకొన్నది.

న్యాయస్థానములలో దావాలు తరతరములు నానుచుండు దేశమున, చచ్చిన పిదపనైన తీర్పు వచ్చునను కథ జనులకు రుచించుటలో వింత లేదు. కాని తీర్పునకును భయమునకును పొసగదు. దయ్యము ఎందులకు వచ్చినదో తెలియనంతవరకు అది ఎవరి ఇంటికైన రావచ్చును, నా యింటికిని రావచ్చును. కారణము తెలిసిన క్షణమున అది ఆ దుర్మార్గుని కొరకే వచ్చినదని తేలి, కుర్చీలో నేను కాళ్లు చాపుకొందును. భయానకముగ నారంభమైన రసము కరుణమగును, పిమ్మట రౌద్రమగును, కట్టకడపట ఈలలగును. శ్రీకాకుళపు కుర్రవాడు అలుగునది ఈ ఈలల యెడనే, కాని వానిలో మొదటి ఈల వానిదే.

మన పూర్వులు ఈ చిక్కు నెరుగరని తలంపరాదు. నాటకపు చివరి సంధియైన నిర్వహణమున అద్భుతరసమును నిలుపవలెనని భరతుడు చెప్పియున్నాడు. అనగా ప్రేక్షకుడు నోరు తెరచుకొని లేవవలెను. అంతేగాని లెక్క సరిపోయినదని తలయూపుచు లేవరాదు. హాస్యమునకు భయానకమును కరుణమును విరోధులని సాహిత్యదర్పణమున విశ్వనాథుడు వ్రాసెను. దీనిని మాత్రము తెలుగువాడు లెక్క సేయలేదు; ‘ప్రేమకథా చిత్రమ్’ (2013), ‘గీతాంజలి’ (2014) మొదలుకొని మనకు దయ్యము వచ్చినదనిన నవ్వు వచ్చినదన్నమాటే. ‘ఆనందో బ్రహ్మ’ (2017) లోనైతే మనుష్యులే దయ్యములను హడలగొట్టిరి. ఆ దారి తప్పని నేననను. విరోధి రసములను కలిపి పండించుట విద్యయే. అయితే రెండు గంటలు నవ్వించినవాడు చివరి ఇరువది నిమిషములలో కన్నీరు తెప్పింపబూనునపుడు, ప్రక్కసీటువాడు ఫోను తీసి చూచుకొనుట నేను పలుమారులు గమనించితిని.

ఈ లోకమున ముగింపు నెగ్గిన తెలుగు చిత్రము నాకు ముందుగ తోచునది ‘అరుంధతి’. కోడి రామకృష్ణ దర్శకత్వమున 2009 సంక్రాంతికి వచ్చిన ఆ చిత్రమున దయ్యమే దుర్మార్గుడు. వ్యాజ్యదారు వేషము వేసికొనుటకు వానికి వీలు లేదు. వాని నణచు ఆయుధము కొరకు జేజెమ్మ తన దేహమునే త్యజించి, తన యెముకలనే ఆయుధముగ ఇచ్చును. తరతరముల పిదప ఆ యెముకల కత్తి మునిమనుమరాలి చేతికి వచ్చి, ఆమె రక్తమున తడిసిన పిదపగాని పనిచేయదు. ఇది చూచునపుడు ప్రేక్షకునకు, తానెరుగకయే, దధీచి వెన్నెముక జ్ఞాపకము వచ్చును. వృత్రాసురవధ విన్న జాతికి ఈ ముగింపును వేరుగ విప్పి చెప్పనక్కర లేదు. శిక్ష పడినదను తృప్తితో పాటు, ఒక స్త్రీ తన యెముకలను మరొక జన్మకు దాచిపెట్టుకొన్నదను ఆశ్చర్యమును మిగిలినది. భరతుడు కోరిన అద్భుతమిదియే కాబోలు. చిత్రమును తీసిన బనగానపల్లె నవాబుగారి బంగళాను చూడ నేటికిని జనులు పోవుచున్నారు. నవాబు పేరు చెప్పిన దారి తెలియదు గాని, అరుంధతి బంగళా యనిన ఆటోవాడు మారుమాటాడక తీసికొనిపోవును. పశుపతిగ నటించిన సోనూ సూద్ ముఖమును, వానికి రవిశంకర్ ఇచ్చిన గొంతును విడదీయుట ఎవరి తరమును కాలేదు. ఉత్తరాదివాని దేహము, దక్షిణాదివాని గొంతు: అంతకు మించిన ఆవేశము ఆ చిత్రమున వేరే లేదు.

రీమేకుల మాట వచ్చినపుడు కొట్టాయమువాడు చాయ్ గ్లాసు క్రింద పెట్టి నిటారుగ కూర్చుండును. రీమేకు మూలమును చెడగొట్టునని వాని పక్షము; అందు న్యాయము లేకపోలేదు. ఫాజిల్ దర్శకత్వమున 1993లో వచ్చిన మలయాళ ‘మణిచిత్రతాళ్’ ఒక తల్లివేరు. దానినుండి కన్నడమున ‘ఆప్తమిత్ర’ (2004), తమిళమున ‘చంద్రముఖి’ (2005), హిందీలో ‘భూల్ భులయ్యా’ (2007), వంగమున ఇంకొకటి, ఇన్ని పిలకలు వేసినవి. ఆ మూల చిత్రమున శోభనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారము వచ్చినది. అందు దయ్యము లేదు. ఇంటి యిల్లాలి మనసున పూర్వమెన్నడో చంపబడిన నర్తకి వచ్చి కూర్చున్నది. వైద్యుడేమి చేసెను? ఆ నర్తకికి తీర్పు నిచ్చెను. తిరుగుడు పలక యొకటి అమర్చి, దుష్టుడైన కారణవరు (ఇంటిపెద్ద) బదులు వాని బొమ్మను ముందునకు త్రిప్పి, ఆమె కత్తితో దాని తల నరికించెను. దావా నకిలీ, ముద్దాయి గడ్డిబొమ్మ, శిక్ష నాటకము. స్వస్థత మాత్రము నిజము. వ్యాజ్యమును సాంతముగ నడిపి, అంతయు బొమ్మలాటయని ప్రేక్షకుని చేతనే ఒప్పించుటలో నున్న చమత్కారము, నాకు తెలిసినంతలో, దయ్యపు కథలలో మరొకచోట లేదు.

ఈ చిత్రము ఎల్ల దాటినప్పుడెల్ల ఒక సంగతి జరిగినది. మలయాళ చిత్రమున ఆ నర్తకి తంజావూరి తమిళ స్త్రీ; కన్నడ, తమిళములలో ఆమె తెలుగు స్త్రీ; హిందీలో వంగ స్త్రీ. ఎవరికి వారు ప్రక్కయింటి భాషను దయ్యము నోట పెట్టిరి. పగలెల్ల తమ భాషలో నవ్వుచు తిరిగిన ఇల్లాలు, రాత్రి తమకు సగమే అర్థమగు భాషలో పాడుటలోనే భయమంతయు ఉన్నది. దీనిని నేను సిద్ధాంతముగ చెప్పబోగా కరీంనగరు పిల్ల అడ్డుపడి, “గిది నాకు ఎరికే సార్. మా రూమ్మేట్ నిద్రల బెంగాలీ మాట్లాడుతది. నాకు జెరంత సేపు పాణం వోయినట్లయితది. పొద్దుగాల గదే పిల్ల, చాయ్ తాగుదాం పా అంటది” అనెను. ఇన్ని ప్రాంతముల పిల్లలు ఒక్క గదిలో పడుకొను ఈ నగరమున ఆ చిత్రమును అర్థము చేసికొనుటకు ఇంతకంటె వ్యాఖ్యానమేల?

మన దురదృష్టమెట్టిదనగా, తెలుగున ‘చంద్రముఖి’ వచ్చునప్పటికి దయ్యము మన భాషయే పాడుచుండెను. మద్రాసులోని శాంతి థియేటర్లో 800 రోజులు దాటి ఆడిన ఆ చిత్రము తెలుగునాటను విరగబడి ఆడినది, దయ్యము పాడిన ఆ పాటను పెండ్లి బ్యాండువారు సైతము వాయించిరి. కాని తమిళునకు పరాయిదైన ఆ గొంతు మనకు సొంతదయ్యెను. దయ్యము మనకు ఆడపడుచయ్యెను. మనము విజయోత్సవము చేసికొంటిమి గాని, భయమున సగపాలు సరిహద్దు దగ్గరనే దిగిపోయినది. 2010లో పి. వాసు దర్శకత్వముననే, ఆ మరొక వెంకీతో ‘నాగవల్లి’ వచ్చినది. అది కన్నడ ‘ఆప్తరక్షక’కు తెలుగు రూపు. నూరేండ్లు దాటిన రాజు ఇంకను బ్రతికియున్నాడని చెప్పి, బొమ్మతో ముగిసిన వ్యాజ్యమును మరల తిరగదోడిరి; అభిమానులు ఆశించినంతగ అది నిలువలేదు. ముద్దాయి గడ్డిబొమ్మగ నున్నంతసేపే ఆ కథకు తెలివి యుండెను. సౌందర్య ‘ఆప్తమిత్ర’ విడుదలకు ముందే 2004 ఏప్రిలులోను, విష్ణువర్ధన్ ‘ఆప్తరక్షక’ విడుదలకు ముందే 2009 డిసెంబరులోను మరణించిన సంగతిని చేర్చి, ఆ కథకే ఏదియో శాపమున్నదని అల్లువారు గలరు; మనము ప్రేమించిన మనుష్యుల చావులను సినిమా ప్రచారమున కుపయోగించు ఆ ముచ్చట నాకు రుచింపదు.

హిందీవారు మన చిత్రములను తీసికొనిన వైనము త్వరగ చెప్పి ముగింతును. 2020 నవంబరున లారెన్సు తన ‘కాంచన’నే అక్షయ్ కుమార్‌తో ‘లక్ష్మీ’గ తీసెను, డిసెంబరున జి. అశోక్ తన ‘భాగమతి’నే భూమి పెడ్నేకర్‌తో ‘దుర్గామతి’గ తీసెను. రెండును కరోనా కాలమున ఓటీటీలలో వచ్చినవి, రెండింటికిని మూల దర్శకులే పనిచేసిరి, రెండును ఇంచుమించు అడుగునకు అడుగు మూలమును అనుసరించినవి, రెండును నిరాశపరచినవి. మూలకర్తయే తీసిన మూలము చెడదను నమ్మకమును ఆ రెండు నెలలు పోగొట్టినవి. ‘కాంచన’ పండినది హాలులో వేయిమంది ఒక్కసారిగ కెవ్వుమని, ఆ వెంటనే ఒక్కసారిగ నవ్వినందున. గదిలో దుప్పటి కప్పుకొని ఫోనులో చూచువానికి ఆ వేయిమంది నెవడు తెచ్చి యిచ్చును?

అయితే రీమేకులన్నియు చెడునని నిర్ణయించిన కొట్టాయమువాడు మితిమీరి గెలిచినట్లగును. జపానున హిడెయో నకాతా 1998లో తీసిన ‘రింగు’ను అమెరికావారు 2002లో ‘ది రింగ్’గ తీసి నెగ్గిరి. ఆ కథ నా వ్యాజ్య సిద్ధాంతమునకు ఎదురు సాక్షి గనుక దానియందు నాకు మక్కువ ఎక్కువ. వీడియో టేపు చూచినవాడు ఏడు దినములలో చచ్చును. కారణము వెదకగ వెదకగ, బావిలో త్రోసి చంపబడిన పిల్ల కళేబరము దొరకును. మన దర్శకుడైన యెడల అచట వీణ మ్రోగించి, కర్మకాండ జరిపించి, వాదికి తీర్పు వచ్చినదని తెర దింపును. నకాతా అట్లు చేయలేదు. కళేబరమును పైకి తీసిరి, కన్నీరు కార్చిరి, న్యాయము జరిగినదని అందరును ఊపిరి పీల్చుకొనిరి. మరునాడు టీవీ తెరనుండి ఆ పిల్ల పాకుకొని వచ్చి కథానాయకుని చంపెను. దానికి న్యాయము అక్కర లేదు. టేపును నకలు తీసి ఇంకొకనికి చూపినవాడే బ్రతుకును. తల్లి తన బిడ్డను బ్రతికించుకొనుటకు, ఆ టేపును తన కన్నతండ్రికి చూపించుటకై కారులో బయలుదేరుటతో చిత్రము ముగియును. అచట భయము దయ్యమునుండి తొలగి, ఆ తల్లిలోనికి వచ్చి చేరినది.

తెలుగున ఈ ఛాయ కొంత ‘మసూద’లో (2022) కనబడినది. అందలి దయ్యము బ్రతికియున్నప్పుడే దుష్టురాలు; దానికి జాలిపడవలసిన ఫిర్యాదేమియు లేదు; అందుచేత ఫ్లాష్‌బ్యాకు వచ్చిన పిదప సైతము భయము చావలేదు. శ్రీకాకుళపు కుర్రవాడు ఆ చిత్రమును గూర్చి మాత్రము సెకండాఫ్ వాక్యమును ప్రయోగింపలేదని ఇచట నమోదు చేయుచున్నాను.

ఇటీవలి నిరాశ ఇంకొక విధమైనది. 1976లో ‘క్యారీ’ చిత్రము చివర సమాధినుండి చేయి యొకటి బయటకు దూకినది మొదలు, అంతయు ముగిసినదనుకొన్న పిదప ఒక కన్ను తెరచుకొనుట, ఒక బొమ్మ తల త్రిప్పుట లోకాచారమైనది. ఆ చేయి ప్రేక్షకుని బెదరించుటకు దూకినది. నేడు దూకునది రెండవ భాగమున కడ్వాన్సు పుచ్చుకొనుటకు. ‘మా ఊరి పొలిమేర’ (2021) వంటి చిత్రము మలుపుమీద మలుపు వేసి ముగిసి, 2023లో రెండవ భాగమునకు తావిచ్చుటను నేను తప్పుపట్టను, ఆ కథకు ఆ సత్తువ గలదు. కాని చెప్పవలసినది చెప్పలేక, కన్ను తెరిపించి పంపువారెందరో. వారపత్రికల సీరియళ్లకు అలవాటుపడిన మనకు సశేషము కొత్త కాదు. ‘తులసిదళం’ వెలువడుచున్న దినములలో ఆంధ్రభూమి వారపత్రిక కొరకు కాచుకొన్నవారు ఇంకను ఇంటింట గలరు. అచట సశేషము వారమునకొకసారి వచ్చెడిది, మరుసటి వారమే తీరెడిది. ఇచట మూడేండ్లు.

దయ్యమును వ్యాజ్యదారుగ చూచుటలో కొత్తదనము నాది కాదని ఒప్పుకొనవలసినదే, ఏలయన బేతాళుడున్నాడు. చందమామలో శంకర్ గీసిన ఆ బొమ్మ, భుజాన శవము, చేత కత్తి, చుట్టును పుఱ్ఱెలు, మనలో ఎవరికి కంఠస్థము కాదు? ఆ దయ్యము రక్తమడుగదు, తీర్పు అడుగును. రాజు తీర్పు చెప్పిన వెంటనే శవముతో సహా చెట్టెక్కును. మన సినిమాలు ఇంతవరకు నేర్చుకొని ఆగిపోయినవి. మూలకథలో చివర జరుగునది వేరు. ఒక తండ్రి పరాయి కూతురిని, వాని కొడుకు ఆ కూతురి తల్లిని పెండ్లాడగా వారి బిడ్డలు ఒకరికొకరు ఏమగుదురని బేతాళు డడుగును; అంతటి విక్రమార్కుడును నోట మాట రాక ఊరకుండును. ఆ మౌనముతోనే బేతాళుడు లొంగెను, కథ తీరెను. అన్ని తీర్పులు ముగింపలేని కథను ఒక్క తీర్పులేమి ముగించినది.

ఇది ఆ చాయ్‌కొట్టు దగ్గర చెప్పి, కాబట్టి మన దర్శకుడెవడైన ధైర్యము చేసి, ఫ్లాష్‌బ్యాకు కత్తిరించి, దయ్యము ఎందులకు వచ్చినదో చెప్పకుండ, ఊరిపెద్ద నోట మాట రానిచోట చిత్రము నాపవలెనని నేననగా, శ్రీకాకుళపువాడు నన్ను జాలిగ చూచెను.

“అలా తీస్తే రెండోరోజుకి హాలు కాళీ మాస్టారూ. ఆ నిర్మాతే దెయ్యమై వచ్చీస్తాడు. ఆయనకి మాత్రం ఫ్లాష్‌బ్యాకు శానా పెద్దదుంటాది.”

“గదైతె ఫస్ట్ డే ఫస్ట్ షో నేను చూస్త” అని కరీంనగరు పిల్ల.